పదో డోసు

సీసా మీద పెన్నుతో రాసిన టైము 10.05. గోడ గడియారంలో ఇప్పుడు 1.25.

2021 జూన్ 20, ఆదివారం. కోనసీమలో ఓ లంక ఊరు. బడి వరండాలో కుర్చీలు ఖాళీ అయిపోయాయి. జల్లు వెలిసింది గానీ చూరు నుంచి చుక్కలు జారుతూనే ఉన్నాయి. నర్సమ్మ కొవిషీల్డ్ సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. పది మందికి సరిపడే మందులో తొమ్మిది మందికి పడిపోయింది. అడుగున అర మిల్లీలీటరు. తెరిచాక నాలుగు గంటలే దాని ఆయుష్షు.

"ఇంకెవరున్నారమ్మా?"

ఆశా కార్యకర్త లిస్టు మీద వేలు ఆనించింది. ఒక్క పేరుకే టిక్కు పడలేదు.

గొడుగు మాట కూడా మర్చిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని, కొబ్బరితోట గట్టు మీద జారుతూ నిలదొక్కుకుంటూ, 2 గంటలకి కర్ఫ్యూ మొదలైపోతుందని తనలో తనే గొణుక్కుంటూ ఆ చివరింటికి చేరేసరికి ఆవిడకి ఊపిరి అందడం లేదు. తలుపు ఓరగా వేసుంది.

"నేను రాను పిన్నీ. పాలు ఇంకిపోతాయంటున్నారంతా. పిల్లాడేమైపోవాలి?"

ఆ భయాన్ని తప్పుపట్టలేం. పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చని కేంద్రం చెప్పిందే మే 19న. అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులకి ముందుగా వెయ్యాలని రాష్ట్రం అనుకున్నది ఈ జూన్‌లోనే. మంచి కబురు మెల్లగా నడిచింది. పుకారు అప్పటికే ఏరు దాటేసింది.

ఆశా వాదించలేదు. అరుగు మీద కూలబడి, చంటాడి అరికాలు నిమిరింది.

"వీడికి మూడుసార్లు సూదులేయించింది నేనే గదా. జొరమొస్తదని ముందే చెప్పాను. వచ్చింది, తగ్గింది. ఏనాడన్నా నీకు అబద్ధం చెప్పానా?"

లోపల్నించి అత్తగారు వచ్చింది. ఏమీ అనలేదు. చేతులు చాపి మనవణ్ణి అందుకుంది. కోడలు మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

గడియారంలో 1.50. సీసా ఇంకా బల్ల మీదే ఉంది. నర్సమ్మ గట్టు వైపు చూసింది. మూడు ఆకారాలు. ముందు నడుస్తున్నది ఆ అమ్మాయే.

సిరంజి పిస్టన్ చివరిదాకా దిగి టక్కున లాక్ అయింది. ఇక అది మరొకరికి పనికిరాదు. 1.56. దూది నొక్కిపట్టుకుని అరగంట కూర్చోవాలి. అంతలో చంటాడు లేచాడు. గుక్కపట్టాడు.

రాష్ట్రంలో ఆ ఒక్క రోజు డోసులు 13 లక్షలు దాటబోతున్నాయి. వరండాలో మాత్రం అందరి చూపూ ఆ పిల్లాడి మీదే.

"ఇప్పుడు పాలివ్వచ్చాండి?"

"ఇయ్యమ్మా."

కొంగు చాటు చేసుకుంది. ఏడుపు సగంలో ఆగింది. ఆ తర్వాత చిన్నగా, వరసగా, గుటకలు.