తోలు ఆసనములు, తంగేటి చెక్క

ఫ్రాన్సిస్ లైట్ 1786లో పినాంగు ద్వీపమున నెలకొల్పి, మూడవ జార్జి రాజు పేరు పెట్టిన జార్జ్ టౌన్ పట్టణములో, మొదట గుర్రపు బగ్గీలకును పిమ్మట మోటారుకార్లకును పరచిన తోలు ఆసనములను ఎండకంటె మిక్కిలిగా బాధించినది ఏడాది పొడుగునను వీడని సముద్రపు చెమ్మయే. మూసియుంచిన బండిలో ఆసనముపై తెల్లని బూజు తేలును. తోలు మెత్తదనమునకై పట్టించిన కొవ్వును, దానిపై నిలిచిన చెమటను అది ముందుగా భుజించును.

బూజు తుడిచిన పోవును. తుడిచినను పోనిది నల్లని మరక. పూర్వపు ఆసనముల తోలు చాలవరకు చెట్ల చెక్కలతో పదును చేసినది గనుక దానినిండ కషాయద్రవ్యము ఇమిడియుండును. మేకు తుప్పో, ఇనుప చట్రమును తాకి కారిన వాననీరో సోకినచో ఇనుమును కషాయమును కలిసి నీలినలుపుగా మారును. మన పెద్దలు కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి సిరా కాచిన విధానమును ఇదియే. ఆ మరకను చాకలి సోడాతో రుద్దువాడు తోలునే చెఱచును. ఏలయన పదునైన తోలు స్వభావము ఆమ్లము, సోడా క్షారము. క్షారము తగిలిన కొలది కషాయము వదలి, తోలు నల్లబడి, ఎండిన పిదప పెళుసెక్కును. నిమ్మరసమునో, విషమని మరువక పలుచని ఆక్సాలిక్ ఆమ్లమునో అద్ది, వెంటనే తడిబట్టతో పలుమారు ఒత్తి తీసి, నీడను ఆరనిచ్చి, కొద్దిగా నూనె పట్టింపవలెను.

ఈ కషాయవిద్యలో తెలుగువారు చిరకాలముగా ఎఱిగిన పొద యొకటి గలదు. బతుకమ్మలో పేర్చెడు పూవు నిచ్చు తంగేటి చెక్కతోనే మద్రాసు రాజధానిలో తోళ్లు పదును చేసి సీమకు పంపుచుండిరి. ఆ తోలు తొలుత లేతవన్నెతో మనోహరముగా నుండియు వెలుతురు సోకిన కొలది ఎఱ్ఱబారును. అందుచే పనివారు చివర దానిని కరక్కాయ నీట ముంచి వన్నె నిలుపుచుండిరి. ఇంతటి సూక్ష్మ మెఱిగిన ఆ చేతులకు మన చరిత్రలలో దక్కిన చోటు మిక్కిలి స్వల్పమని నా బాధ.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ క్రోము పదునుకు పేటెంటు పొందెను. మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1903లో ఆ ప్రయోగము లారంభించెను. చెక్కతో పదునైన తోలు 80 డిగ్రీల చేరువనే ముడుచుకొనగా, క్రోము తోలు మరుగునీటిని సైతము తాళును. కార్లలో క్రమముగా అది ప్రబలెను. 1948లో అడయారున కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వెలసెను; తెనాలి చేరువ యలవర్రున జన్మించిన యలవర్తి నాయుడమ్మ 1958 మొదలు 1971 వఱకు దానికి సంచాలకుడై యుండెను. అదే 1948లో జార్జ్ టౌన్‌లో జన్మించిన జిమ్మీ చూ మంట్రీ వీధి అంగడిలో పాదరక్షల పని అభ్యసించి జగద్విఖ్యాతు డాయెను.

నేటి ఆసనములపై రంగుపూతయు, దానిపై పారదర్శకమగు పొరయు నుండుటచే, కాఫీ కొంతసేపు పైననే నిలుచును. గోరువెచ్చని నీట తడిపి పిండిన మెత్తని బట్టయే చాలును. జార్జ్ టౌన్‌కు పేరు తెచ్చిన నాసి కందార్ అను కూరన్నపు పులుసు ఒలికినచో మాత్రము జాగ్రత్త వలయును: పసుపు సున్నముతో పారాణి యగునట్లే, క్షారపు సబ్బు తగిలిన ఆ మరక ఎఱ్ఱనగును, వెలుతురున పసుపు తనంతనే కొంత వెలియును. కలము సిరాకై స్పిరిటు పూసినచో సిరాతో పాటు పూతయు ఊడివచ్చును. ఏ ద్రవమునైనను ఆసనము అడుగున, కంటికానని అంచున ముందుగా పరీక్షింపవలెను. అచట బట్టకు రంగంటినచో ఆ ద్రవమును పైకి రానీయరాదు.