ఒంటి తీగ కథ

వాహనాలలో సమాచార వ్యవస్థల చరిత్ర చెప్పేవారు సాధారణంగా క్యాన్ గురించి చెప్పి ఆగిపోతారు. దాని చాటున పెరిగిన లిన్ కథ కూడా చెప్పుకోదగినదే.

ఒకప్పుడు కారులో ప్రతి మీటకూ, ప్రతి దీపానికీ వేరువేరుగా తీగలు లాగవలసి వచ్చేది. పరికరాలు పెరిగినకొద్దీ ఆ తీగల మోపు బరువెక్కింది. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో క్యాన్ రూపకల్పన ఆరంభించి, 1986లో డెట్రాయిట్‌లో దానిని ప్రకటించింది. పరికరాలన్నీ ఒకే జంట తీగల మీద మాట్లాడుకోగలిగాయి. ఇంజనుకూ బ్రేకులకూ అది తగిన ఏర్పాటే. కాని తలుపు అద్దం దించడానికీ, సీటు జరపడానికీ ప్రత్యేకమైన కంట్రోలరు, కచ్చితమైన గడియారం సమకూర్చడం పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

1990ల చివర బీఎండబ్ల్యూ, ఆడి, ఫోక్స్‌వ్యాగన్, వోల్వో, డైమ్లర్‌క్రైస్లర్ సంస్థలు పోటీని పక్కనబెట్టి ఈ సమస్యపై ఏకమయ్యాయి. మోటరోలా, వోల్కానో సంస్థలు సాంకేతికంగా తోడు నిలిచాయి. వారు సరికొత్త కంట్రోలరు కోసం వెదకలేదు. టెలిప్రింటర్ల నాటి పద్ధతిలో అక్షరం వెంట అక్షరాన్ని పంపే యూఏఆర్‌టీ 1970ల ఆరంభంలోనే ఒక్క చిప్పులో ఇమిడింది. చవకరకం మైక్రోకంట్రోలర్లలోనూ అప్పటికే ఉన్నది. దానినే చేపట్టారు.

లిన్‌కు ఒక్క తీగ చాలు. వేగం సెకనుకు 20,000 బిట్లకు మించదు. ఒక మాస్టరు, గరిష్ఠంగా 15 అనుచర పరికరాలు. మాస్టరు ముందుగా కనీసం 13 బిట్ల కాలం తీగను అణచి ఉంచుతుంది. మామూలు అక్షరమేదీ అంతసేపు అణచదు గనుక అందరూ అప్రమత్తులవుతారు. తరువాత ఒకటీ సున్నా మార్చిమార్చి వచ్చే అక్షరం ఒకటి పంపుతుంది. ఆ లయను కొలిచి అనుచరులు తమ గడియారాలను సరిదిద్దుకుంటాయి. ఖరీదైన స్ఫటికం అవసరం ఆ విధంగా తప్పింది. ఆపైన మాస్టరు ఎవరిని అడిగితే వారే 8 బైట్ల లోపు బదులిస్తారు.

ఈ పొదుపుకు మూల్యం లేకపోలేదు. మాస్టరు మూగబోతే అందరూ మూగబోతారు. అందుకే బ్రేకుల వంటి ప్రాణావసర బాధ్యతలను దీనికి అప్పగించరు.

2002లో 1.3, 2003లో 2.0 ప్రమాణాలు వెలువడ్డాయి. 2016లో ఐఎస్‌ఓ 17987గా అంతర్జాతీయ ముద్ర పడింది. ఎక్కడ ఎంత సరిపోతుందో నిర్ణయించడం కూడా ఇంజనీరు ప్రతిభే. ఏ లోపం ఎక్కడ సహించవచ్చునో ముందుగా తెలిసినవారికే ఆ పొదుపు సాధ్యమయింది.