ముఅమ్మా నుంచి దర్వాజా అలారం దాకా

మన ఇళ్లల్లో పొడుపుకథను ముఅమ్మా అంటారు, సున్నాను సిఫర్ అంటారు. రహస్య లిపికి ఇంగ్లీషువాళ్లు వాడే ‘సైఫర్’ ఈ అరబీ సిఫర్ నుంచి పుట్టిన మాటే. ఈ రెండు లఫ్జులకూ, ఇవాళ తెలకపల్లిలో ఇంటి దర్వాజాకు బిగించుకునే వైర్‌లెస్ అలారానికీ పాత రిష్తా ఉంది.

9వ సదీలో బగ్దాద్‌లో అల్-కిందీ అనే ఫల్సఫీ ముఅమ్మాలు విప్పడం మీద ఒక రిసాలా రాశారు. ఒక హర్ఫ్‌కు బదులు ఇంకో హర్ఫ్ పెట్టి ఖత్ రాస్తే రాజ్ దాగదని అందులో చూపించారు. ప్రతి జబాన్‌లో కొన్ని హర్ఫులు మాటిమాటికీ వస్తాయి. అరబీలో అలిఫ్, లామ్ అట్లాంటివి. రహస్య ఖత్‌లో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో హిసాబ్ చేసి, మామూలు రాతతో పోలిస్తే గుట్టు బయటపడుతుంది. ఈ తరీఖా మీద ఇప్పటికి దొరికిన కితాబుల్లో ఇదే అన్నిటికన్నా పాతది. సదీల తరబడి మరుగున పడి, ఇస్తాంబుల్‌లోని సులైమానియా కుతుబ్‌ఖానాలో దొరికింది. మళ్లీ మళ్లీ వచ్చేదే దుష్మన్‌కు దారి చూపిస్తుందన్నది దాని సబక్.

433 మెగాహెర్ట్జ్ మీద నడిచే సస్తా అలారాల్లో చాలావాటి లోపం సరిగ్గా ఇదే. రిమోట్ బటన్ నొక్కిన ప్రతిసారీ హవాలోకి అదే పైగాం పోతుంది. చోర్‌కు దాని మత్లబ్ తెలియనక్కర్లేదు. రికార్డు చేసుకుని తిరిగి వదిలితే చాలు, అలారం బంద్.

దీనికి ఇలాజ్‌గా ప్రతిసారీ కోడ్ మారే రిమోట్లు వచ్చాయి. కార్లకు, గ్యారేజీలకు వాడిన ‘కీలాక్’ అట్లాంటిదే. 2008లో జర్మనీలోని బోఖుమ్ యూనివర్సిటీ వాళ్లు ఆ పరికరం వాడుకునే కరెంటును కొలిచి, రిమోట్ల చాబీలన్నిటికీ మూలమైన తయారీదారు చాబీనే పట్టేశారు.

ఇప్పటి మంచి సిస్టంలు 2001లో అమెరికా ప్రమాణంగా తీసుకున్న ఏఈఎస్ వాడతాయి. దాన్ని తయారుచేసింది బెల్జియంకు చెందిన డామెన్, రైమెన్. దాని తరీఖా దునియా అంతటికీ తెలుసు, దాచేది చాబీ ఒక్కటే. కానీ పైగాంలో ప్రతిసారీ మారే నంబరు కూడా కలవాలి. లేకుంటే రికార్డు చేసే చోర్‌కు మళ్లీ దారి దొరుకుతుంది.

పాలమూరు వలసల నేల. పట్నానికో గల్ఫ్‌కో పోయినవాళ్ల ఇళ్లకు నెలల తరబడి తాళం. అందుకే అలారం కొనేటప్పుడు దుకాణ్‌దార్‌ను మూడు సవాళ్లు అడగండి. పైగాం ప్రతిసారీ మారుతుందా? ఎవరైనా సిగ్నల్‌ను అడ్డుకుని సెన్సర్‌ను ఖామోష్ చేస్తే ఫోన్‌కు ఖబర్ వస్తుందా? ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ ఆ అడ్డును ఆపలేదు. డబ్బాతో వచ్చిన పిన్‌ను ఎట్లా మార్చాలి? ఆ పిన్ మార్చకపోతే ఏఈఎస్ ఉన్నా బేకార్.