హబ్సిగూడలో మలుపు తిరిగే బస్సు

యథార్థ గాథ

(ఇందులోని తేదీలు, ఘటనలు వాస్తవం. పేరులేని ప్రయాణికులు, కండక్టర్, వాళ్ల మాటలు ఆ రోజుల పరిస్థితిని బట్టి చేసిన కల్పన.)

2019 అక్టోబర్ 5, శనివారం. హైదరాబాద్‌లోని హబ్సిగూడ చౌరస్తాలో అప్పుడప్పుడే తెల్లవారుతోంది. మర్నాడు సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు కట్టలతో పూలమ్మేవాళ్లు అప్పటికే రోడ్డు పక్కన కూర్చున్నారు. నాచారం వైపు వెళ్లే స్టాపులో మాత్రం జనం కదలడం లేదు, పెరుగుతున్నారు.

"త్రీ కే పోయిందా అక్కా?" నాచారం పారిశ్రామికవాడలో పనికి వెళ్లే అమ్మాయి అడిగింది.

"పోవుడేంది, అస్సలు రాలే. రాత్రి నుంచి సమ్మె అంటున్నరు."

పక్కన నిలబడ్డ పెద్దాయన తల పైకెత్తి మెట్రో స్టేషన్ చూపించాడు. "మెట్రోల పోరాదు బిడ్డా, ఎక్స్‌ట్రా ట్రిప్పులు ఏసిన్రంట."

"మెట్రో నాచారం పోతదా తాతా?"

పెద్దాయన దగ్గర జవాబు లేదు. మెట్రో నాగోలు నుంచి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక మీదుగా పోతుంది. నాచారం వెళ్లాలంటే ఈ చౌరస్తాలో పక్కకు తిరగాలి. కుషాయిగూడ, అఫ్జల్‌గంజ్ మధ్య తిరిగే 3కే బస్సు చేసే పని అదే. ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం దాటుకుంటూ వచ్చి, ఇక్కడ మలుపు తిరిగి, తార్నాక, కోఠిల మీదుగా మూసీ ఒడ్డుకు చేరుతుంది. ఆ శనివారం ఆగిపోయింది ఆ మలుపే.

రైల్వేవాళ్ల బస్సు

ఈ నగరంలో సర్కారు బస్సును మొదట నడిపింది రైల్వే శాఖ. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ చేతుల్లోంచి తీసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్ 15న, అదే రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సులు స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్‌లు. ఆర్టీసీ బస్సు నంబర్ ప్లేటు మీద నేటికీ కనిపించే 'జెడ్' ఆనాటి జ్ఞాపకమేననీ, ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని తొలి అక్షరమనీ ఆర్టీసీలో తరతరాలుగా చెప్పుకుంటారు.

గౌలిగూడలో విమానాల కోసం నిలబెట్టిన ఉక్కు హ్యాంగర్ 1932లోనే బస్సుల డిపో అయింది. సగం పీపాను బోర్లించినట్టుండే ఆ కప్పు కిందికి ఊళ్ల బస్సులు వచ్చేవి. 1990లలో ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చాక జిల్లా బస్సులు అటు తరలిపోయాయి. హ్యాంగర్ సిటీ బస్సులకు మిగిలింది.

ఈలోగా యజమానులూ మారారు. 1951 నవంబర్‌లో బస్సులు రైల్వే నుంచి విడిపడి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చాయి. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. 2015లో తెలంగాణ ఆర్టీసీ వేరుపడింది. ప్రయాణికుడికి మాత్రం అన్ని కాలాల్లోనూ తెలియాల్సింది ఒక్కటే: బస్సు మా వైపు తిరుగుతుందా లేదా?

ఉద్యోగం ఎటుంటే బస్సు అటు

హబ్సిగూడ వైపు జనాన్ని లాగింది చదువు, ప్రయోగశాల, ఫ్యాక్టరీ. 1939 డిసెంబర్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం తలుపులు తెరిచింది. 1944లో పుట్టిన పరిశోధనశాల, తర్వాత ఆర్‌ఆర్‌ఎల్‌గా, ఇవాళ ఐఐసీటీగా తార్నాకలో స్థిరపడింది. 1961లో ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. ఆర్‌ఆర్‌ఎల్ ఆవరణలోనే 1977లో మొదలైన సీసీఎంబీకి ఉప్పల్ రోడ్డు మీద సొంత ప్రాంగణం సిద్ధమైంది; 1987 నవంబర్‌లో ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు. ఇవన్నీ ఉప్పల్, తార్నాకల మధ్య తిన్నగా సాగే రోడ్డు వైపువి.

హబ్సిగూడలో నాచారం వైపు తిరిగే పక్కరోడ్డు కథ వేరు. 1967లో ఈసీఐఎల్, తర్వాత కొన్నేళ్లకే అణు ఇంధన సముదాయం వచ్చాయి. నాచారం, మల్లాపూర్‌లలో షెడ్లు లేచాయి. 1976లో ఎన్.టి. రామారావు రామకృష్ణా సినీ స్టూడియోస్‌ను నాచారంలో కట్టారు. ఫ్యాక్టరీకి కార్మికులు, స్టూడియోకి లైట్‌బాయ్‌లు, ఇళ్లలో పనికి ఆడవాళ్లు. పెద్ద కంపెనీలకు సొంత బస్సులుండేవి. చిన్న షెడ్లలో పనిచేసేవాళ్లకు సిటీ బస్సే దిక్కు.

సాయంత్రం షిఫ్టు వదిలాక ఆ బస్సు ఎలా ఉండేదో ఎక్కినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫుట్‌బోర్డు మీద మొలకెత్తినట్టు జనం. "లోపలికి జరుగున్రి, ఖాళీ ఉంది!" అని కండక్టర్ కేక. లేని ఖాళీలోకి జరగడం అందరికీ అలవాటే. టికెట్ల కట్ట ఒక చేత్తో, చిల్లర సంచి మరో చేత్తో పట్టుకుని, స్టేజీ దాటేలోగా టికెట్లన్నీ కొట్టి లెక్క రాసుకోవాలి. హబ్సిగూడ దగ్గర బండి మలుపు తీసుకునేటప్పుడు నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా ఒక పక్కకు ఒరిగేవారు. "రైట్ రైట్!"

పైన రైలు

2017 నవంబర్ 28న ప్రధాని నరేంద్ర మోదీ మియాపూర్‌లో మెట్రోను ప్రారంభించారు. మర్నాటి నుంచి జనం ఎక్కారు. తొలి విడత 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. అందులో హబ్సిగూడ ఒకటి. ఉప్పల్ రోడ్డు మీద గంటలు గంటలు ఇరుక్కున్నవాళ్లకు అది నిజంగా పెద్ద ఊరట. తిన్నని రోడ్డు ప్రయాణికుల్లో చాలామంది పైకెక్కారు. మలుపు తిరగాల్సినవాళ్లు కిందే ఉండిపోయారు.

మరుసటి ఏడాది 3కే రూటు అవతలి కొసన, అఫ్జల్‌గంజ్ వైపు, మరో ఘటన. 2018 జూలై 5 తెల్లవారుజామున గౌలిగూడ హ్యాంగర్ పెద్ద శబ్దంతో కూలింది. శిథిలమైందని కొన్నాళ్ల ముందే మూసేశారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. విమానాల కోసం కట్టి, బస్సులను ఎనభై ఆరేళ్లు కాచిన కప్పు అది.

యాభై రెండు రోజులు

2019 ఆర్టీసీ సమ్మెలో రాష్ట్రమంతటా దాదాపు 48 వేల మంది పాల్గొన్నారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండ్. తొలిరోజు సాయంత్రం ఆరింటిలోగా డ్యూటీకి రానివాళ్లకు ఇక ఉద్యోగం లేదన్నారు ముఖ్యమంత్రి కేసీఆర్. పండగ వెళ్లింది, దీపావళి వెళ్లింది. తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని బస్సులు తిరిగాయి. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది.

ఆ రోజుల్లో ఇదే చౌరస్తాలో ఇలాంటి మాటలు ఎన్నోసార్లు దొర్లి ఉంటాయి.

"నీ సమ్మె ఎప్పుడైపోతది అన్నా? ఆటోలకే జీతమంతా పోతుంది."

"నాకు జీతమే లేదు చెల్లె. పిల్లల ఫీజు కట్టలే." యూనిఫాం లేని కండక్టర్ జవాబు. ఇద్దరిదీ కష్టమే. ఎవరు ఎవరిని తిట్టాలో ఇద్దరికీ తెలియదు.

నవంబర్ 25న సమ్మె విరమించారు. 29న అందరూ విధుల్లో చేరారు. డిసెంబర్‌లో చార్జీలు పెరిగాయి, నగరంలో బస్సులు తగ్గాయి. ఇంకా ఊపిరి పీల్చుకోకముందే కరోనా. 2020 మార్చిలో ఆగిన సిటీ బస్సులు సెప్టెంబర్ 25న గానీ మళ్లీ రోడ్డెక్కలేదు. మెట్రో సెప్టెంబర్ 7నే మొదలైంది. సమ్మె అడిగిన విలీనం బిల్లు రూపంలో 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదం పొందింది.

జీరో టికెట్ చెప్పే లెక్క

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ మిషన్‌లోంచి సున్నా రూపాయల టికెట్ తీసి ఇస్తాడు. ఆ టికెట్ల లెక్క మీద ప్రభుత్వం సంస్థకు డబ్బు చెల్లించాలి.

"మాకు సీట్లు దొరకట్లేదు" అని మగవాళ్లు గొణిగారు. "ఆటో పైసలు మిగిలినయ్" అని ఆడవాళ్లు లెక్కేసుకున్నారు. రెండూ నిజమే. ఈ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. అంతకుముందు కొట్టిన మామూలు టికెట్ మీద ఎక్కిన చోటు, దిగే చోటు, చార్జీ తెలిసేవి. ఎక్కింది ఆడమనిషో మగమనిషో తెలిసేది కాదు. జీరో టికెట్ ఆ సంగతి చెబుతుంది. నాచారంలో ఏ పొద్దున ఎందరు ఆడవాళ్లు ఎక్కారు, హబ్సిగూడలో ఎందరు దిగారు, ఎందరు తార్నాక దాటి వెళ్లారు: అంచనాలు అక్కర్లేదు, మిషన్‌లోనే ఉంది.

మెట్రోకు పట్టాలు ఒకసారి వేస్తే అంతే, పక్కకు తిరగలేదు. బస్సుకు ఆ బాధ లేదు. కొత్త ఫ్యాక్టరీ పెడితే అటు, కొత్త కాలనీ లేస్తే ఇటు పంపొచ్చు. ఈ రూటు బతికిందీ ఆ వెసులుబాటుతోనే. రేపు ఏ ట్రిప్పు తగ్గించాలి, ఏది పెంచాలి అని డిపోలో తేల్చేటప్పుడు కలెక్షన్ ఒక్కటే ముందు పెట్టుకుంటే మళ్లీ తిన్నని రోడ్డే గెలుస్తుంది. దాని పక్కనే జీరో టికెట్ల లెక్క కూడా పెడితే, పొద్దున ఆరున్నరకు నాచారం వైపు ఇంకో బస్సు కావాలో వద్దో ఎవరినీ అడగక్కర్లేదు.