ఓడిన మందుల చిట్టా

ధూల్‌పేట అనగానే హైదరాబాదీలకు ముందు గుడుంబా గుర్తొస్తుంది, ఆ తర్వాతే వినాయక విగ్రహాలూ పతంగులూ. బెల్లం, పటిక, నవసాగరంతో కాచిన ఆ సారాను తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి వరస దాడులతో చాలావరకు కట్టడి చేసింది. అదే ఏడాది రాష్ట్రంలో కల్తీ కల్లు కూడా కరువై, ఒళ్లు వణుకుతూ, మతి తప్పి మాట్లాడుతూ జనం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరస కట్టారు. ఆ కల్లులో కలిపే డయజెపాం, ఆల్ప్రజోలాంల సరసన క్లోరల్ హైడ్రేట్ కూడా ఉంటుంది. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. రక్తంలోని క్షారగుణానికి అది విడిపోయి క్లోరోఫాం అవుతుందని బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్‌రైక్ ఊహించి, 1869లో దాన్ని నిద్రమందుగా ప్రయత్నించాడు. నిద్రయితే పట్టింది గానీ ఊహ తప్పింది. ఒంట్లో అది ట్రైక్లోరోఇథనాల్‌గా మారి పనిచేస్తుందని తర్వాత తేలింది. అణువు రూపం చూసి గుణం ముందే చెప్పేయవచ్చన్న ఆశ అంత పాతది. కంప్యూటర్ వచ్చి ఆ ఆశకు వేగం ఇచ్చింది. అయితే ఈ ఆశ ఎప్పుడు ఫలించిందో, ఎప్పుడు బెడిసికొట్టిందో చూస్తే ప్రతిసారీ తేడా లెక్క దగ్గర కాక, లెక్కకు ముందు రాసి పెట్టుకున్న చిట్టా దగ్గరే కనిపిస్తుంది. ముఖ్యంగా ఆ చిట్టాలో ఓటములకు చోటిచ్చారా లేదా అన్న దగ్గర. ఈ మాటకు సాక్ష్యం ఈ ఊళ్లోనే ఉంది.

ధూల్‌పేట నుంచి బేగంబజారు దాటితే అఫ్జల్‌గంజ్. 1908 మూసీ వరద రాకముందు అక్కడున్న ఆసుపత్రిలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ రోగులకు క్లోరోఫాం ఇప్పించేవాడు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదివినవాడు; గురువు చెప్పినట్టే ఊపిరిని గమనిస్తే చాలు, గుండెకు భయం లేదని గట్టిగా నమ్మినవాడు. లండన్ వైద్యులు కాదన్నారు. 1888లో హైదరాబాద్‌లో మొదటి క్లోరోఫాం కమిషన్ పనిచేసింది, దాని ఫలితాన్ని లాన్సెట్ పత్రిక శంకించింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అంది. వచ్చినవాడు లాడర్ బ్రంటన్, ఆనాటి మందుల శాస్త్రంలో పెద్ద పేరు. 1889లో కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద పరీక్షలు జరిగాయి. వాటిలో 120 జంతువులకు రక్తపోటు కొలిచే పరికరం తగిలించారు. పొగబట్టిన కాగితం మీద సూది గీసిన ప్రతి గీతనూ ఫోటో తీయించారు. గుండెను వదిలిపెట్టి ఊపిరి సంగతి చూసుకోమని ఏ సంశయం లేకుండా తీర్పిచ్చారు. బ్రంటన్ తన పాత అభిప్రాయాన్నే మార్చుకుని లండన్‌కు తంతి కొట్టాడు.

ఆ కాలానికి అంతటి దత్తాంశం అరుదు. అయినా తీర్పు తప్పు. జంతువులను గాఢమైన మత్తులోకి దించి, ఊపిరి ఆగేదాకా క్లోరోఫాం పట్టిస్తే గుండె నిజంగానే చివర్లో ఆగుతుంది. మనుషులు చనిపోతున్నది మాత్రం చాలాసార్లు మత్తు ఇంకా పట్టీపట్టని వేళ, భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు. అలాంటి మరణాల వార్తలు ఇతర ఊళ్ల నుంచి వస్తూనే ఉన్నాయి. మందు ఇచ్చినవాడి చేతకానితనమని లారీ వాటిని పక్కన పెట్టాడు. 1911లో గుడ్‌మన్ లెవీ, థామస్ లూయిస్ తేలికపాటి మత్తులో ఉన్న పిల్లుల గుండె ఉన్నట్టుండి లయ తప్పి కొట్టుకులాడి ఆగిపోతుందని చూపించాక వివాదం సమసింది. నాకు ఇందులో విలువైనదిగా తోచేది మరొకటి. ఈ మధ్యలో 1893లో కేంబ్రిడ్జ్‌కు చెందిన గాస్కెల్, షోర్ హైదరాబాద్ కమిషన్ నమోదులనే పరిశీలించి, కమిషన్ తీర్పుతో విభేదించగలిగారు. గీతలన్నీ ఫోటోల్లో దాచి ఉంచబట్టే అది సాధ్యమైంది. తీర్పు వీగిపోయింది, చిట్టా నిలిచింది. కాబట్టి ఆ కమిషన్‌ను వెక్కిరించేవాళ్లతో నేను ఏకీభవించను. తనను తానే ఓడించగల సాక్ష్యాన్ని అది మిగిల్చి వెళ్లింది.

మరణాలను పక్కన పెట్టిన లారీ తీరుకు ఎదురు ఉదాహరణ భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావుది. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లపు జంట రూపాలు తయారుచేసి పంపితే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిని కాన్సర్ రోగులకు ఇచ్చాడు. రక్త కాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు తగ్గకపోగా ముదిరింది. ఆ చేదు ఫలితాన్ని చెత్తబుట్టలో పడేయకుండా రాసి పెట్టాడు కాబట్టే, పెంచేది ఇదైతే దీనికి విరుగుడు తగ్గించాలి కదా అన్న ఆలోచన పుట్టింది. లెడర్లీ ఇచ్చిన అమినోప్టెరిన్‌తో పిల్లల్లో జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఒక బాక్టీరియా ఎంజైమ్ గుంటలో ఎలా ఇరుక్కుని కూర్చుంటుందో 1977లో స్ఫటిక చిత్రం బయటపెట్టింది. తర్వాతి కాలంలో కంప్యూటర్‌లో అణువును ప్రోటీన్‌లో అమర్చి చూసే డాకింగ్ పద్ధతులను సరిచూసుకోవడానికి పరిశోధకులు పదేపదే వాడుకున్న జంటల్లో అదొకటి.

ఇక 2001 తర్వాతి హైదరాబాద్. జీవీకే బయోసైన్సెస్ ఇక్కడ మొదలుపెట్టిన పనుల్లో ఒకటి చరిత్రకారుల కంట పడదు, ఎందుకంటే అది గుమస్తా పనిలా కనిపిస్తుంది. రసాయనశాస్త్రంలో పట్టాలున్న యువతీయువకులు బల్లల ముందు కూర్చుని ప్రపంచంలోని పేటెంట్లనూ పత్రికలనూ చదివి, అణువులను ఒక్కొక్కటిగా తెర మీద గీస్తారు. ఏ ప్రోటీన్ మీద పరీక్షించారు, ఏ కణంలో, సగం పని ఆపడానికి ఎన్ని నానోమోలార్లు కావలసి వచ్చింది అన్న గళ్లు నింపుతారు. పేటెంట్ రాసినవాడు గడుసువాడైతే అంకె చెప్పడు. మూడు కూడిక గుర్తులు పెడితే బలమైనదనీ, ఒకటి పెడితే బలహీనమనీ అర్థం. ఆ గుర్తుల అసలు కొలత మరో పేజీలో, ఒక్కోసారి ఫుట్‌నోట్‌లో దాగి ఉంటుంది. వెతికి పట్టుకుని గడిలో వేయాలి. ఇలా పెరిగి లక్షల అణువులకు చేరిన కోశమే గోస్టార్. ఇటువంటి పనికే యూరప్‌లో 2009లో కెంబుల్ అనే ఉచిత కోశం తోడైంది. ఈనాటి యంత్రాభ్యాస నమూనాలు తినేది ఇలాంటి గడులనే.

అయితే ఆ గళ్లలో పెద్ద ఖాళీ ఉంది. పేటెంట్ తీసుకునేవాడు పనిచేసిన వాటిని రాస్తాడు. పనిచేయనివి ప్రయోగశాల నోటుబుక్కు దాటి రావు. లారీ పక్కన పెట్టిన మరణాల స్థానంలో ఇప్పుడు పక్కన పెట్టిన అణువులు ఉన్నాయి. గెలుపులు మాత్రమే చూసి నేర్చుకున్న నమూనా కొత్త అణువుకు మంచి మార్కులే వేస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో మతిమరుపు జబ్బు మందులు చూపించాయి. హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ తయారుచేసిన మసుపిర్‌డిన్, మెదడులోని 5-హెచ్‌టీ6 అనే సెరటోనిన్ గ్రాహకాన్ని ఎంచుకుని మూసే అణువు. డోనెపెజిల్, మెమాంటిన్ రెండూ వాడుతున్న అల్జైమర్స్ రోగులపై అమెరికాలో జరిపిన రెండో దశ పరీక్షలో అది జ్ఞాపకశక్తి కొలతలో నెగ్గలేదని 2019 నవంబరులో కంపెనీ ప్రకటించింది. అదే గ్రాహకం మీద గురిపెట్టిన ఇడలోపిర్‌డిన్, ఇంటెపిర్‌డిన్ అంతకుముందే మూడో దశలో బోల్తా కొట్టాయి. మూడు వేర్వేరు అణువులు ఒకే తలుపు తట్టి వెనక్కి వచ్చాయంటే తలుపునే అనుమానించాలని అర్థం. మూడు ఫలితాలూ బయటికి చెప్పారు కాబట్టే ఆ అనుమానం మనకు అందింది. సువెన్ తన వివరాలను మళ్లీ తవ్వి, రోగుల ఆందోళన, దూకుడు తగ్గిన ఛాయలు చూసి, ఆ లక్షణం కోసమే మూడో దశకు వెళ్లింది. ఓటమిని ప్రచురించినవారికి దక్కిన ఫలం ఇది.

ఇదంతా పాత కథ, ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, దానికి చిట్టాలు అక్కర్లేదు అనేవాళ్లున్నారు. వాళ్లు చూపించే, ప్రోటీన్ ఆకారాన్ని లెక్కగట్టే ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో నోబెల్ వాటా దక్కింది, నిజమే. అది నేర్చుకున్నది 1971 నుంచి ప్రపంచమంతా ఉచితంగా దాఖలు చేస్తూ వచ్చిన సుమారు లక్షా డెబ్బై వేల ప్రోటీన్ నిర్మాణాల నుంచి. చిట్టా లేకుండా అది లేదు. వ్యాపార రహస్యం ఎవరు ఇస్తారన్నది మరో అభ్యంతరం. 2019 నుంచి 2022 దాకా యూరప్‌లో పది మందుల కంపెనీలు మెలోడీ అనే ప్రాజెక్టు కింద, తమ సమాచారం గడప దాటకుండానే నమూనాకు మాత్రం ఉమ్మడిగా శిక్షణ ఇచ్చాయి. ఓటముల విలువ ఏమిటో కంపెనీలకు తెలుసనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

నాకు నిజంగా బరువుగా అనిపించే అభ్యంతరం మూడోది. పనిచేయలేదు అన్న మాటకు అర్థం స్థిరంగా ఉండదు. అణువు పనికిరాక కావచ్చు, కరగక కావచ్చు, ఆ రోజు కణాలు పాడై కావచ్చు. అలాంటివి గుట్టలుగా పోస్తే నమూనా చెడుతుంది. ఒప్పుకోవాల్సిందే. కానీ దానికి మందు రాయడం మానేయడం కాదు, పరీక్ష ఏ స్థితిలో జరిగిందో కూడా రాయడం. లారీ కమిషన్‌ను ముంచింది మత్తు గాఢత అన్న ఒక్క స్థితే. ఆ ఒక్కదాన్ని మార్చి చూసినందుకే లెవీకి నిజం దొరికింది.

ఒక మేలు జరిగింది. మనుషుల మీద పరీక్షలను భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ప్రయోగశాలలోనే ఆగిపోయిన అణువులకు మాత్రం అలాంటి పుస్తకం లేదు. మందుల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీకి స్థలాలూ రాయితీలూ ఇచ్చే తెలంగాణ ప్రభుత్వం ఒక చిన్న షరతు పెట్టవచ్చు: వదిలేసిన ప్రాజెక్టుల ఫలితాలను, పరీక్ష స్థితులతో సహా, నిర్ణీత గడువు తర్వాత కెంబుల్ లాంటి ఉచిత కోశానికి అప్పగించాలి. గోస్టార్ గళ్లు నింపిన చేతులు ఈ ఊళ్లోనే ఉన్నాయి. వాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు.