పువ్వు పూశాక మొక్క వాడిపోతోందా? అప్పుడే పీకేయకండి.. గులాబీ అరటి పెంచేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఇదే!

గులాబీ రంగు గెల, ఎర్ర మచ్చల ఆకులు.. నర్సరీలో అందాల అరటి మొక్క కనిపిస్తే మిద్దెతోట ఉన్నవాళ్లు ఆగి చూడకుండా ఉండలేరు. కొని తెచ్చి కుండీలో పెడతారు. మంచి ఎండ, నీళ్లు అందితే గులాబీ అరటి ఏడాదిలోపే పూతకు రావచ్చు. ఫొటోలు, స్టేటస్‌లు, సంబరం. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆకులు పండి మొక్క ఎండిపోతుంది. నీళ్లు తక్కువయ్యాయేమో, ఎరువు ఎక్కువైందేమో అని తల పట్టుకుని చివరికి కుండీ ఖాళీ చేసేస్తారు. నిజానికి అక్కడ తప్పేమీ జరగలేదు!

అరటి చెట్టుకు పైకి కనిపించే బోదె అసలు కాండమే కాదు. ఆకుల అడుగుభాగాలు పొరలు పొరలుగా చుట్టుకుని అలా ఏర్పడతాయి. అసలు కాండం మట్టిలో ఉండే దుంప. ఒక బోదె ఒక్కసారే పూస్తుంది. గెల వేశాక దాని పని అయిపోయినట్టే. దుంప నుంచి వచ్చిన పిలక దాని స్థానంలోకి వస్తుంది. పెరట్లో అరటి ఉన్న ఇళ్లలో ఇది అందరికీ తెలిసిందే కానీ, బాల్కనీ కుండీ దగ్గరికొచ్చేసరికి గుర్తుండదు. కాబట్టి ఎండిన బోదెను మాత్రమే కోసేయాలి, దుంపను కదపొద్దు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. అందాల అరటి పేరుతో అమ్మేవన్నీ పిలకలు వేయవు. ఈశాన్య భారతానికి చెందిన మూసా వెల్యుటినా, అంటే గులాబీ అరటి, పిలకలు బాగా వేస్తుంది. ఆకులపై ముదురు ఎర్ర మచ్చలుండే జెబ్రినా రకం కూడా అంతే. కానీ ఎర్రటి పెద్ద ఆకులతో ఆకట్టుకునే ఎన్సెటే వేరే కోవకు చెందినది. ఇథియోపియాలో దీన్ని ఆహార పంటగా పండిస్తారు. మామూలుగా ఇది పిలకలు వేయదు, పూసిందంటే ఇక అంతే. కొనేటప్పుడు పేరు అడగడం, కుండీలో పిలకలున్నాయేమో చూడటం మంచిది.

గులాబీ అరటి ఆరడుగులకు అటూ ఇటూగా పెరుగుతుంది కాబట్టి కుండీకి సరిపోతుంది. అడుగున్నర వెడల్పు కుండీ, అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టి, పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, కాస్త ఇసుక కలిపితే చాలు. రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. అయితే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండకు ఆకు అంచులు మాడతాయి, అప్పుడు గ్రీన్ నెట్ కడితే మేలు. అరటికి నీళ్లంటే ఇష్టమే, నిలిచిన నీళ్లంటే మాత్రం అస్సలు పడదు. దుంప మెత్తబడి వాసన వస్తోందంటే కుళ్లు మొదలైనట్టే. గాలికి ఆకులు చీలితే కంగారు అక్కర్లేదు, అది అరటికి సహజం. రీల్స్‌లో చూపించే అరటి తొక్కల నీళ్లు ఒక్కటే పోస్తే సరిపోదు. ఆకు నిండుగా రావాలంటే నత్రజని కూడా అందాలి.

పిలకల్లో ఒకటి రెండు బలమైనవి ఉంచి మిగతావి తీసేయాలి. సన్నటి, కత్తిలాంటి ఆకులున్న పిలక మంచిది. అడుగు దాటాక, సొంత వేళ్లతో, కొంచెం దుంప ముక్కతో సహా కోసి వేరే కుండీలో నాటాలి. తొలకరి సమయం దీనికి బాగుంటుంది. పాత బట్టలు వేసుకుని చేయండి, అరటి మరక ఉతికినా వదలదు!

మరి ఆ గులాబీ పండ్లు తినొచ్చా? తినొచ్చు. పండగానే తొక్క దానంతటదే విచ్చుకుంటుంది, గుజ్జు తియ్యగా ఉంటుంది. కానీ లోపలంతా గట్టి నల్ల గింజలే, పంటికి తగిలితే కష్టం.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కొత్త ఆకులు సన్నగా, నిటారుగా, తలపై గుత్తిలా వస్తుంటే అది బంచీ టాప్ వైరస్ కావచ్చు. దీనికి మందు లేదు. పేనుబంక ద్వారా పక్క మొక్కలకు పాకుతుంది. రావులపాలెం, పులివెందుల లాంటి అరటి తోటలున్న ప్రాంతాల్లో ఇంటి కుండీలోని ఒక్క మొక్క కూడా రైతుకు ముప్పే. ముందు పేనుబంకను చంపే మందు కొట్టి, ఆ తర్వాత దుంపతో సహా తవ్వి నాశనం చేయాలి. ఆ కుండీ నుంచి ఒక్క పిలక కూడా ఎవరికీ ఇవ్వొద్దు.