హైదరాబాదు ఫుట్‌బాల్ – ఒక పతన వత్సరం

బొగ్గుగనిలో పనిచేసేవారికి బాగా తెలిసిన విషయమొకటి ఉన్నది. పైకప్పు కూలడానికి ముందు సన్నని చప్పుళ్లు వినవస్తాయి. ఊతగా నిలిపిన కర్రలపై బరువు హెచ్చుతుంది. అనుభవం గల కార్మికుడు ఆ సూచనను గ్రహించి వెనుకకు తగ్గుతాడు. కూలిన తరువాత వచ్చి చూచేవానికి మాత్రం సమస్తం ఒక్క క్షణంలో జరిగిపోయినట్లు తోస్తుంది. గోదావరిఖని, రామగుండం ప్రాంతాలలో మూడు షిఫ్టుల నడుమ తీరిక చేసికొని ఆటల వార్తలు వినే శ్రోతలకు ఈ పోలిక కొత్త కాదు. మన రాజధానీ నగరపు ఫుట్‌బాల్ జట్టు ఒకటి 2023-24లో ఎట్లు కూలినదో చెప్పుకొనడానికి ఇంతకంటె తగిన పోలిక నాకు తోచలేదు.

ఇటలీ దేశంలో ఫుట్‌బాల్ పోటీలు అంతస్తులుగా నడుస్తాయి. పై అంతస్తుకు ‘సీరీ ఆ’ అని పేరు. అందులో 20 జట్లుంటాయి. సంవత్సరాంతాన అడుగున నిలిచిన మూడు జట్లు క్రింది అంతస్తుకు దిగిపోవాలి. అక్కడ రాణించిన మూడు జట్లు పైకి రావాలి. నేపుల్స్ నగరానికి దక్షిణాన సముద్రతీరంలో ఉన్న సలెర్నో పట్టణపు జట్టు సలెర్నితానా 2023-24లో 38 ఆటలాడి రెండింట మాత్రమే గెలిచినది. ఒక్క సంవత్సరంలో నలుగురు శిక్షకులు మారినారు. 17 పాయింట్లతో అట్టడుగున నిలిచి దిగువ శ్రేణికి పోయినది.

సరిగా అదే సంవత్సరంలో మన దేశపు ఇండియన్ సూపర్ లీగులో అట్టడుగున నిలిచిన జట్టు హైదరాబాద్ ఎఫ్.సి. 22 ఆటలలో ఒక్క గెలుపు, అయిదు సమఫలితాలు, పదహారు ఓటములు. వెరసి 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపయినా సొంత మైదానంలో కాదు, 2024 మార్చిలో చెన్నైలో లభించినది.

ఓడిన జట్లు లోకంలో ఎన్నో ఉంటాయి. కాని ఇదే జట్టు రెండేండ్లకు ముందు భారతదేశ విజేత. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో తుది పోటీ జరిగినది. ఆట ముగియవచ్చే వేళ సాహిల్ తవోరా కొట్టిన గోలుతో లెక్క సమమయినది. పిదప పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను ఆపి కప్పును చేతికందించినాడు. మరుసటి ఏడాది జట్టు పట్టికలో రెండవ స్థానంలో నిలిచినది. ఆపై సంవత్సరమే పతనం.

చప్పుళ్లు ముందే వినిపించినవి. 2020 నుండి జట్టును తీర్చిన స్పానిష్ శిక్షకుడు మనోలో మార్కెజ్ 2023లో గోవా జట్టుకు వెళ్లిపోయినాడు. పాతబాకీలు తీర్చని కారణాన కొత్త ఆటగాళ్లను చేర్చుకొనరాదని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ నిషేధం విధించినది. ఉన్నవారిలో అనుభవజ్ఞులు, విదేశీయులు ఒక్కరొక్కరే తొలగిపోయినారు. ఊతకర్రలు తీసివేసిన తరువాత కప్పు నిలుస్తుందా? శిక్షకుడు తంగ్‌బోయి సింగ్తో చేతిలో మిగిలినది ముఖ్యంగా యువకుల జట్టు. ఓడుతున్నా ప్రతి ఆటకూ మైదానంలో దిగిన ఆ పిల్లలను నిందించడం న్యాయం కాదు. బరువు మోయవలసిన స్తంభాలు వారు కారు.

ఇంకొక లోపం లోతుగా ఉన్నది. 2019లో పూనా జట్టు స్థానంలో ఈ క్లబ్బు ఏర్పడినది. మొదటి సంవత్సరం గచ్చిబౌలిలో ఆడి అడుగుననే నిలిచినది. తరువాతి రెండు సంవత్సరాలు కరోనా మహమ్మారి కారణంగా పోటీలన్నీ గోవాలోనే జరిగినవి. కనుక విజేత అయిన కాలంలో ఆ జట్టు తన నగరంలో తన ప్రజల ఎదుట ఆడనే లేదు. కప్పు వచ్చినది గాని, వేరు నాటుకొనలేదు.

వేరు అంటే ఏమో హైదరాబాదు ఎరుగనిది కాదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చినది. ఆ జట్టుకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచేత ఉపాధ్యాయుడు. బంతిని తన వద్దనే ఉంచుకొనక వెంటనే సహచరునికి అందించాలని నేర్పడానికి ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నడిపినాడు. చేతకాని కాలితోనే ఆడవలసిన పోటీలు కూడ పెట్టినాడు. ఆయన శిక్షణలో భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచినది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోలుకీపరు పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ మొదలయినవారు ఈ నేల పెంచినవారే. 1963 జూన్ 11న రహీం కన్నుమూసినాడు. ఆయన జీవితాన్ని చూపిన ‘మైదాన్’ చలనచిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలయినది. ఆ నెలలోనే హైదరాబాద్ ఎఫ్.సి. తన దుర్దశా సంవత్సరాన్ని ముగించుకొన్నది. గతాన్ని తెరపై చూచి చప్పట్లు కొట్టిన నగరం వర్తమానాన్ని చూడడానికి మైదానానికి పోలేదు.

ఇక్కడ శ్రోతలొక ప్రశ్న వేయవచ్చును. అడుగున నిలిచినందుకు హైదరాబాదుకు శిక్ష ఏమి పడినది? ఏమియు లేదు. సూపర్ లీగునుండి దిగువకు దింపే నిబంధన ఆనాడు అమలులో లేదు. పైకెక్కే దారి కూడ ఇరుకే. ఐ-లీగ్‌లో ప్రథమస్థానం వచ్చినవారికి మాత్రమే అది ఆనాడు లభించేది. హైదరాబాదుకే చెందిన శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23లోను, 2023-24లోను ఐ-లీగ్‌లో రెండవ స్థానంలో నిలిచి, రెండుసార్లూ గుమ్మం వద్దనే ఆగిపోయినది. ఒకే నగరంలో పైమేడలో ఓడేవారొకరు, క్రిందిమేడలో గెలిచేవారొకరు. నడుమ నిచ్చెన సరిగా లేదు.

శిక్ష లేకపోవడం అదృష్టమని కొందరనవచ్చును. కాని తరువాతి కథ చూడండి. సలెర్నితానా 2025లో మరొక మెట్టు జారి మూడవ శ్రేణికి చేరినది. అయినను అది సలెర్నోలోనే ఉన్నది. తిరిగి ఎక్కవలసిన మెట్లు ఎన్నో అక్కడి వారికి తెలుసు. హైదరాబాద్ ఎఫ్.సి.కి 2024లో కొత్త యాజమాన్యం వచ్చినది. 2024-25లో పదమూడు జట్లలో పన్నెండవ స్థానం దక్కినది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే పేరు ధరించినది. మెట్టు దిగకుండానే ఊరు విడిచినది. దిగిన జట్టుకు తిరిగివచ్చే ఆశ ఉంటుంది. తరలిపోయిన జట్టు అభిమానికి ఆ ఆశయైనను మిగలదు.

అందువలన దిగువకు దింపడమనే కఠిన నియమంలో ఒక కరుణ కూడ ఉన్నదనిపిస్తుంది. అది జట్టుకు దాని స్థానమేదో చెబుతుంది, ఊరికి దానిని విడువక నిలుపుతుంది. ఇక వేరు సంగతి. రహీం ధనవంతుడు కాడు. ఆయన వద్ద ఉన్నది పిల్లలు, ఒక మైదానం, ఓపిక. ఈ మూడును బొగ్గుగనుల ఊళ్లలో కూడ దొరకనివి కావు. సాయంత్రం షిఫ్టు ముగించుకొని ఇంటికి పోయే తండ్రి దారిలో తన కుమారుడు దుమ్ములో బంతిని తన్నుతుండగా చూస్తే, ఒక్క నిమిషం ఆగి చూడవలెను. ఊరు చూచే ఆటకే వేరు నాటుకొంటుంది.